ఎక్స్‌రేలో కనబడని గోనె పీచు

మా కీర్తి ఇప్పుడు నడుస్తున్నది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. చదివేవాళ్లు చివరిదాకా భయపడుతూ చదవాల్సిన పని లేదు. ఆ భయమంతా మేం పడ్డాం, అది చాలు.

నా పేరు మార్త. హాలియా దగ్గర ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ని. మా ఆయన యోహాను మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లుకు లారీ నడుపుతాడు. మాకు కీర్తి ఒక్కతే. ఇది జరిగినప్పుడు దానికి పదేళ్లు, ఐదో తరగతి. మా తమ్ముడు సామేలు మా ఊరి శివార్లో ఒక బత్తాయి తోటకు కావలి ఉండేవాడు. మా అమ్మ పోయిననాడు వాడికి ఏడేళ్లు, నాకు పదిహేను. తల దువ్వి, బొత్తాలు పెట్టి వాణ్ని బడికి పంపింది నేనే. తమ్ముడు అంటాను గానీ పెద్దకొడుకు అన్నా తప్పు లేదు. ఇది ముందే తెలియకపోతే ఆ రోజు నేను చేసిన పని మీకు అర్థం కాదు.

ఆదివారం పొద్దున

తోటలో కాయ పక్వానికి వచ్చిన రోజులు. చీకటి పడితే అడవిపందులు, తెల్లవారితే కోతులు. తోట ఆసామి సామేలుకు ఒక పాత నాటు తుపాకి తెచ్చి ఇచ్చాడు. గొట్టం మూతిలోంచి మందు దట్టించి పేల్చేది. దానికి కాగితం లేదు, అనుమతి లేదు. ఊళ్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఒకసారి అడిగితే, "ఉత్త మందే పెడ్తనక్కా, సప్పుడుకే," అన్నాడు. నేను ఇంకేమీ అడగలేదు.

ఆదివారం పూట చర్చికి పోయేముందు కీర్తి మామకు ఉప్మా, చాయ తీసుకుపోవడం అలవాటు. ఆ రోజూ పోయింది. ఏడు గంటలు కావస్తుండగా తోట వైపు తుపాకి చప్పుడు వినబడింది. రోజూ వినేదే. నేను బియ్యంలో రాళ్లు ఏరుతూ తల కూడా ఎత్తలేదు. ఇప్పటికీ నన్ను నిలవనివ్వనిది అదే. నా బిడ్డకు తుపాకి దెబ్బ తగిలిన చప్పుడు విని నేను రాళ్లు ఏరుకుంటూ కూర్చున్నాను.

కాసేపటికి సామేలు దాన్ని రెండు చేతుల మీద ఎత్తుకుని ఉరికొచ్చాడు. వాడి బనీను మొత్తం నెత్తురు. కీర్తి ఏడవడం లేదు. దాని మొహం తెల్లగా పాలిపోయి ఉంది. ఎడమ కాలు మోకాలి కింద నుంచి ఒక పక్కకు వాలిపోయి, పాదం దాని కాలికి చెందనట్టు ఊగుతున్నది. మోకాలి పైన సామేలు తన తువ్వాల మెలిపెట్టి బిగించి కట్టాడు.

"సూడలే అక్కా. కంచె మీద కోతులున్నయ్, వాటి దిక్కు పేల్చిన. చెట్ల ఎనకాల బిడ్డ వస్తాందని సూడలే. రాత్రి పందులకని దట్టించింది తీసుడు మర్సిన. ఉత్త మందే అనుకున్న."

మళ్లీ మళ్లీ అవే మాటలు. పక్కింటివాళ్లు అప్పటికే నూట ఎనిమిదికి ఫోన్ చేశారు. ఊళ్లో మందులిచ్చే ఆర్‌ఎంపీ వచ్చి చూసి, "రెండు కుట్లు ఏస్త, నెత్తురాగిపోతది," అన్నాడు. నేను వద్దన్నాను. తెలిసి కాదు. ఆ కాలు మీద ఇంకెవరూ చెయ్యి వేయడం నాకు ఇష్టం లేదు, అంతే.

అంబులెన్సు రాకముందే సామేలు ఫోన్ మోగింది. మాట్లాడి నాకిచ్చాడు. అవతల ఆసామి.

"మార్తా, జర ఇను. ఇనుప చువ్వ మీద పడ్డదని చెప్పు. తుపాకి అన్నవనుకో, నీ తమ్ముడు జైలుకు పోతడు. వాని భార్య నెలలు నిండిన మనిషి. పిల్ల కాలుకేం ఫికర్ లేదు, డాక్టర్లు చేస్తరు. ఏం గుచ్చుకుంటే ఏంది, పుండు పుండే గద."

నేను సరే అన్నాను. ఆలోచించి అన్నానని చెప్పుకోలేను. అనేశాను.

అంబులెన్సులో వచ్చినతను నడివయసు మనిషి. ముందు తువ్వాల చూశాడు. "ఎప్పుడు కట్టిన్రమ్మా?" అని అడిగి గడియారం చూసుకుని, దాన్ని మెల్లగా విప్పి, గాయం మీద మందంగా దూది గుడ్డ పెట్టి అరచేత్తో అదిమి పట్టాడు. కాలికి రెండు పక్కలా బద్దలు పెట్టి కదలకుండా కట్టాడు. తర్వాత అడిగాడు.

"ఏం తాకింది?"

"ఇనుప చువ్వ."

అతను నా మొహం చూశాడు. గాయం చూశాడు. "సరే," అన్నాడు. అంతే. సామేలు బండి ఎక్కలేదు. ఎక్కొద్దని ఆసామి చెప్పాడట. బండి తలుపు మూస్తుంటే మా నాన్న, మేం బాపు అని పిలుస్తాం, వాడి భుజం పట్టుకుని నిలబడి ఉన్నాడు. కీర్తి కళ్లు మాత్రం నా మీదే ఉన్నాయి. నేను చెప్పిన మాట అది విన్నది.

అదే రోజు, నల్లగొండ

నల్లగొండ పెద్దదవాఖానకు చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. ఒక డాక్టరమ్మ డ్యూటీలో ఉంది. నలభై ఏళ్లుంటాయి, కళ్లజోడు దారానికి కట్టి మెడలో వేసుకుంది. కీర్తి బొటనవేలి గోరు నొక్కి వదిలి చూసింది. రెండో పాదం మీదా అలాగే చేసింది. కుడి గోరు వెంటనే ఎర్రబడింది. ఎడమది తెల్లగా ఉండి ఉండి మెల్లగా రంగు తిరిగింది. తర్వాత పాదం మీద రెండు వేళ్లు ఆనించి కళ్లు మూసుకుంది. ఆ కాసేపట్లో నేను వంద ప్రార్థనలు మొదలుపెట్టి ఒక్కటీ పూర్తి చేయలేదు.

"ఉంది. సన్నగా ఉంది," అని, జేబులోంచి పెన్ను తీసి అక్కడ ఇంటూ గుర్తు పెట్టింది. "నాడి ఇక్కడ. పాదం చల్లగా అయితాంది. టైమ్ లేదు."

ఏ టీకాలు వేయించారు, ఏ మందు పడదు, పొద్దున ఏం తిన్నది, అన్నీ అడిగింది. అంగన్‌వాడీ టీచర్ని కదా, ఏదీ తడుముకోలేదు. సూది మందులు ఎక్కించారు. తర్వాత ఆమె కీర్తి మీదికి వంగి అడిగింది.

"ఏమైంది బంగారం? ఏం తాకింది కాలుకు?"

కీర్తి నా వైపు చూసింది. దాని పెదవులు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. "ఇనుప చువ్వ మేడం," అన్నది.

నేను దానికి ఆ మాట నేర్పలేదు. చెప్పమని సైగ కూడా చేయలేదు. అంత నొప్పిలో నా బిడ్డ నన్ను చూసి నా అబద్ధం మోస్తున్నది.

అప్పటికే ఎక్స్‌రే వచ్చింది. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి వెలుగుకెదురుగా పెట్టి చూపించింది. విరిగిన ఎముక చుట్టూ తెల్లటి పూసలు చల్లినట్టు ఉన్నాయి. ఏడు.

"చువ్వలకు గుండ్లుంటయా అమ్మా?"

నేను ఆ పూసలు మళ్లీ లెక్కపెట్టాను.

"చూడమ్మా. ఇది పోలీసులకు చెప్పే కేసు. మీరు చెప్పినా చెప్పకున్నా మేం చెప్తం, అది మా పని. నేను అడిగేది దానికోసం కాదు. ఏం తుపాకి, ఎంత దూరం నుంచి, లోపల ఏమేం దట్టించిన్రు, నాకు కాలు కోసం కావాలె. గుండ్లు కనబడతయి. మందు ఊడిపోకుండా కొందరు లోపల గుడ్డలు, పీచు కుక్కుతరు. అది బిడ్డ కాలులో ఉంటే ఈ బొమ్మలో కనబడది. లోపలే కుళ్లుతది. మీరు చెప్తే వెతుకుతరు. చెప్పకుంటే కుట్టేస్తరు."

నేను గోడకు ఆనుకున్నాను. "మా తమ్ముడు," అన్నాను. "నాటు తుపాకి. పదిహేనడుగులు ఉంటదేమో. లోపల ఏం పెట్టిండో నాకు తెల్వది."

"ఫోన్ చెయ్యి."

సామేలు ఫోన్ బంద్ చేసి ఉంది. ఆసామికి చేస్తే, "ఏం మాట్లాడకు, నేనొస్తున్న," అని పెట్టేశాడు. బాపుకు చేశాను. "బాపూ, వాడు పక్కనే ఉన్నడు, నాకు తెలుసు. ఇయ్యి."

అవతల ఊపిరి వినబడింది.

"సామేలూ, తుపాకిల ఏమేం పెట్టినవు?"

"అక్కా, నువ్వు చెప్పినవా వాళ్లకు?"

"ఏమేం పెట్టినవు?"

వాడు ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే ఒక్కొక్కటే చెప్పాడు. "కింద మందు. దాని మీద గోనె పీచు ఉండజేసి దట్టించిన. దాని మీద సైకిల్ చక్రంలేసే ఉక్కు గుండ్లు, పదో పన్నెండో. పైన మల్ల పాత లుంగీ పేలిక. అక్కా, నన్ను పట్కపోతరా?"

"పట్కపోతరు," అన్నాను.

డాక్టరమ్మ నేను చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాసింది. "గోనె పీచు, లుంగీ గుడ్డ, లోపల ఉండవచ్చు, వెతకాలి," అన్న వరుస కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీసింది. నెత్తురు నరాలు కుట్టే డాక్టర్లు హైదరాబాదులో ఉన్నారని, అక్కడికి తనే ఫోన్ చేసి చెప్పింది. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, నా చూపుడువేలు కీర్తి పాదం మీది గుర్తుపై పెట్టింది.

"తెలుస్తాందా?"

చాలాసేపటికి తెలిసింది. పిట్టపిల్ల గుండెలా ఒక చిన్న కదలిక.

"దారి పొడుగునా వేలు తీయకు. ఆగిపోతే బండిలో ఉన్నాయనకు చెప్పు."

నల్లగొండ నుంచి హైదరాబాదు దాకా రెండు గంటలు నేను ఆ వేలు తీయలేదు. చౌటుప్పల్ దాటాక ఒకసారి నాడి దొరకలేదు. అరిచాను. అంబులెన్సు మనిషి వంగి, నా వేలును ఒక వెంట్రుక మందం పక్కకు జరిపాడు. ఉంది. నేను గట్టిగా నొక్కడం వల్ల తెలియలేదట. "మెల్లగమ్మా. నొక్కితే పోతది," అన్నాడు. కీర్తి మూలిగి, "అమ్మా, కాలున్నదా?" అని అడిగింది.

"ఉన్నది."

"నిజంగానా?"

ఆ పొద్దుటిదాకా నేనేం చెప్పినా అది నన్ను ఆ మాట ఎప్పుడూ అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం, హైదరాబాదు

ఒంటిగంటకల్లా దాన్ని లోపలికి తీసుకుపోయారు. బయట పొడుగాటి వరండా, సిమెంటు బెంచీలు, ఎవరి మూటలు వాళ్ల కాళ్ల దగ్గర పెట్టుకున్న జనం. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ అందరం లేచేవాళ్లం. లోపలివాళ్లు ఒక పేరు పిలిచేవాళ్లు. మిగతావాళ్లం కూర్చునేవాళ్లం.

నా పక్కన కేతేపల్లి నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ ఉంది. ఆమె మనవరాలి చెయ్యి నూర్పిడి మిషన్లో పడిందట. నన్ను ఏమీ అడగలేదు. నా చీర మీద ఎండిన నెత్తురు చూసి, తన మూటలోంచి ఒక చీర తీసి ఇచ్చింది. "పో బిడ్డా, కడుక్కొని కట్టుకో. నీ బిడ్డ లేస్తే గీ నెత్తురు సూడొద్దు." నేను పోతే పిలుస్తారేమో అన్నాను. "పేరేంది? కీర్తా? నేనింట. నువ్వు పో," అన్నది.

యోహాను మూడింటికి వచ్చాడు. సరుకు దించడానికి ఖమ్మం పోయినవాడు లారీ అక్కడే వదిలేసి బస్సెక్కాడు. నేను జరిగిందంతా చెప్పాను. సామేలు సంగతి చెప్పినప్పుడు నేల చూస్తూ విన్నాడు. అంబులెన్సులో చువ్వ అన్నానని, నల్లగొండలో నా మొహం చూసి కీర్తి కూడా అదే అన్నదని చెప్పినప్పుడు మాత్రం నా వైపు తిరిగాడు.

"ఎంతసేపు?"

"మూడు గంటలు."

"మూడు గంటలు," అన్నాడు. లేచి వరండా ఆ చివరికి పోయి నిలబడ్డాడు. చెప్పకుండా దాచితే ఆయనకు తెలిసేది కాదు. కానీ ఆ పొద్దుటి తర్వాత ఇంకో అబద్ధం ఆడే సత్తువ నాలో లేదు.

నాలుగున్నరకు పెద్ద డాక్టరు బయటికి వచ్చాడు. చేతిలో చిన్న స్టీలు గిన్నె. అందులో నల్లగా తడిసిన ఉండ ఒకటి, పోగులు పోగులుగా.

"ఇదే గోనె పీచు. ఎముక వెనకాల కండలో ఉంది. ఆ కాగితం లేకుంటే అంత లోపలికి పోయి వెతికేవాళ్లం కాదు," అన్నాడు. "నెత్తురు నరం తెగలేదు, నలిగింది, సరిచేసినం. ఎముకకు బయటి నుంచి కడ్డీలు వేసినం. గుడ్డ పూర్తిగా దొరకలేదు. అందుకే గాయం మూయలేదు. మల్ల తెరిచి చూస్తం."

"కాలు ఉంటదా సార్?" యోహాను అడిగాడు.

"ఇయాళ ఉంది. రేపటి సంగతి రేపు చెప్తా."

నాలుగో రోజు

ఆ డాక్టరు మాటలో మోసం లేదని నాలుగో రోజు తెలిసింది. పొద్దున కీర్తి ఒళ్లు పెనంలా కాలింది. కట్టు విప్పగానే వచ్చిన వాసనకు నర్సమ్మ మొహం మారింది. కీర్తి ఏదేదో మాట్లాడుతున్నది. కోతులు కంచె దాటుతున్నాయని, చాయ ఒలికిపోయిందని.

ఆ పొద్దునే మా బాపు వచ్చాడు. పోలీసులు సామేలును తీసుకుపోయారు. తుపాకి సామేలు సొంతదనీ, తనకేమీ తెలియదనీ ఆసామి చెప్పాడట. సామేలు భార్య పుట్టింటికి పోయింది. బాపు కీర్తి మంచం కాళ్లు పట్టుకుని ఏడ్చి, బయటికి వచ్చి నన్ను అడిగాడు.

"చువ్వనే అని ఉంచితే ఏమైతుండె మార్తా? బిడ్డ గిట్లనే ఉన్నది గద. వాడన్న బయటుండేటోడు."

నిజం చెప్పాను, తమ్ముణ్ని పోగొట్టుకున్నాను. కాలు కూడా పోతే నేనెందుకు చెప్పినట్టు?

పది గంటలకు ఒక కాగితం తెచ్చారు. మళ్లీ తెరుస్తున్నామని, లోపల చూసినదాన్ని బట్టి ప్రాణం కాపాడటానికి అవసరమైతే మోకాలి కింద కాలు తీసేస్తామని, దానికి ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాలి. యోహాను కాగితం చదివి, మడిచి, నా చేతిలో పెట్టాడు.

"నువ్వే పెట్టు. మొదటి నుంచి నువ్వే చేసుకుంటున్నవు గద."

నాలుగు రోజుల్లో ఆయన నాతో అన్న పెద్ద మాట అదే. నేను పెన్ను పట్టుకున్నాను. పిల్లల హాజరుపట్టీలో రోజూ పెట్టే సంతకమే. మ తర్వాత ఏమొస్తుందో తోచలేదు. కేతేపల్లి పెద్దమ్మ వచ్చి నా వెనక నిలబడి నా భుజాల మీద చేతులు వేసింది. మనవరాలికి రెండు వేళ్లు పోయాయి, అయినా ఆమె మా దగ్గరికి వచ్చింది. "పెట్టు బిడ్డా. బిడ్డుంటే సాలు. కాలు తర్వాత," అన్నది.

పెట్టాను.

ఈసారి వరండాలో ముగ్గురం మూడు చోట్ల కూర్చున్నాం. బాపు మెట్ల దగ్గర, యోహాను కిటికీ దగ్గర, నేను తలుపుకు ఎదురుగా. తలుపు తెరుచుకుంటే నేను లేవలేదు. లేచే ధైర్యం పోయింది. ఎవరి పేరో పిలిచారు. మళ్లీ మూశారు. ఒక గంట. ఇంకో అరగంట. చివరికి పిలిచింది కీర్తి పేరేనని పెద్దమ్మ నన్ను కుదిపితే గానీ తెలియలేదు.

డాక్టరు మాస్కు కిందికి లాక్కుంటూ, "కాలు ఉంచినం," అన్నాడు. "లుంగీ పేలిక దొరికింది. ఇంతే ముక్క." బొటనవేలి గోరు చూపించాడు. "దీనివల్లనే చీము. ఇక లోపల గుడ్డ లేదనుకుంటున్న. జ్వరం రెండు రోజుల్లో దిగాలె."

యోహాను అక్కడే నేల మీద కూర్చున్నాడు. కాసేపటికి, నా వైపు చూడకుండానే, పక్కనున్న జాగా అరచేత్తో తుడిచాడు. నేను పోయి అక్కడ కూర్చున్నాను.

జ్వరం దిగడానికి రెండు కాదు, నాలుగు రోజులు పట్టింది.

మూడో వారం

భయం తగ్గాక నొప్పి మొదలైంది. ముందు కూడా ఉండే ఉంటుంది, అది మాకు చెప్పే స్థితిలో లేదు. తొడ మీది చర్మం తీసి గాయం మీద అతికించారు. రోజు విడిచి రోజు కట్టు మార్చేవాళ్లు. చక్రాల బండి చప్పుడు వార్డు మొదట్లో వినబడితే చాలు, కీర్తి దుప్పటి మొహం మీదికి లాక్కునేది. నన్ను తిట్టేది. ఎప్పుడూ నోట రాని మాటలు. ఒక నర్సమ్మ మాత్రం దాన్ని ఊరుకోమనేది కాదు. "తిట్టు. నన్ను గూడ తిట్టు. కాలు మాత్రం కదపకు," అనేది. కట్టు మొదటి పొర కీర్తి చేతనే విప్పించేది. తన చేత్తో విప్పిన రోజు తక్కువ ఏడ్చేది.

ఒక మధ్యాహ్నం, నేను జడ వేస్తుంటే అడిగింది.

"మామ ఎందుకొస్తలేడు?"

"జైల్ల ఉన్నడు."

"నేను తోటకు పోయినందుకా?"

"కాదు బిడ్డా. తుపాకి పేల్చినందుకు."

"మామ కావాలని పేల్చలే."

"అవును. అయినా పేల్చిండు గద."

అది దుప్పటి అంచు వేలికి చుట్టుకుని విప్పింది. తర్వాత, "నేను డాక్టరమ్మకు అబద్ధం చెప్పిన," అన్నది. "నువ్వు నన్ను కొడతవేమో అనుకున్న, చువ్వ అని చెప్పకుంటే."

నేను దాన్ని ఎన్నడూ కొట్టలేదు. ఆ పొద్దున నా మొహం ఎట్లా ఉందో నాకు తెలియదు. దానికి తెలుసు. జడ సగంలో వదిలేసి, "తప్పు నాది," అన్నాను. "నువ్వు నన్ను చూసి చెప్పినవు." పెద్దవాళ్లు పిల్లల ముందు ఈ మాట అనడం మా ఇళ్లలో లేదు. అన్నాక బరువు తగ్గిందని చెప్పను. కానీ ఆ రోజు అది అన్నం మొత్తం తిన్నది.

ఐదో నెల

కడ్డీలు తీసి, చంక కర్రలతో ఇంటికి వచ్చాం. ఊరు మమ్మల్ని రెండు రకాలుగా చూసింది. కొందరు పండ్లు తెచ్చి కీర్తి దగ్గర కూర్చున్నారు. కొందరు నేను ఎదురైతే దారి మారారు. సొంత తమ్ముణ్ని పట్టించింది అన్న మాట నా వెనక వినబడింది, ఒకసారి ముందే వినబడింది. అంగన్‌వాడీకి ఒక తల్లి తన బిడ్డను పంపడం మానేసింది. నెల తర్వాత తనే తీసుకొచ్చి కూర్చోబెట్టి పోయింది.

నల్లగొండకు చూపించుకోవడానికి పోయినప్పుడు డాక్టరమ్మ కీర్తిని నడిపించి చూసింది. ఎడమ కాలు ఒక వేలు మందం పొట్టి అయింది. పెరిగే వయసు, కొంత సర్దుకోవచ్చు అన్నది. నాలుగు గుండ్లు లోపలే ఉన్నాయి. వాటిని తవ్వి తీస్తే మేలు కన్నా చెడే ఎక్కువట. "పెద్దయినాక ఎవరన్నా ఎమ్మారై స్కానింగ్ రాస్తే, కాలులో ఉక్కు గుండ్లున్నయని ముందే చెప్పాలె. మరవొద్దు," అని కీర్తికే చెప్పింది. కీర్తి తలూపింది.

ఇదంతా రాయమన్నది కూడా ఆమే. మాలా దాచేవాళ్లు చాలామంది వస్తారట. తుపాకి దెబ్బను మేకు అంటారు, పందుల కోసం పెట్టిన నాటు బాంబును దీపావళి టపాకాయ అంటారు. అందుకే రాస్తున్నాను. మీ బిడ్డకు ఇట్లాంటిది జరిగితే రక్తం కారేచోట శుభ్రమైన గుడ్డ పెట్టి అదిమి పట్టండి, కాలు కదలనివ్వకండి, ఊళ్లో కుట్లు వేయించకండి, వెంటనే పెద్దదవాఖానకు పోండి. పోయినాక ఏం తాకిందో, లోపల ఏమేం ఉన్నాయో ఉన్నదున్నట్టు చెప్పండి. చెప్తే మీ తమ్ముడు జైలుకు పోవచ్చు. మా తమ్ముడు పోయాడు. ఆ నొప్పి ఉండదని నేను మీకు మాటివ్వలేను. ఇంట్లో తుపాకి ఉందని తెలిసీ ఊరుకున్నవాళ్లకు మాత్రం ఒకటే చెప్తాను: నేనూ ఊరుకున్నాను.

ఇప్పుడు

సామేలు బెయిలు మీద వచ్చాడు. కేసు నడుస్తున్నది. తుపాకి ఎవరిచ్చారో వాడు కోర్టులో చెప్పాడు. ఆసామి మీద కూడా కేసు పెట్టారు. సామేలుకు కొడుకు పుట్టాడు, నేనింకా ఎత్తుకోలేదు. మా ఇంటి గడప తొక్కొద్దని యోహాను కబురు పంపాడు. నేను అడ్డు చెప్పలేదు.

పోయిన ఆదివారం మిట్టమధ్యాహ్నం సామేలు వచ్చాడు. లోపలికి రాలేదు. వీధిలో ఎండలో నిలబడ్డాడు. బాగా చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది. అరుగు మీద కూర్చున్న యోహాను వాణ్ని చూసి తల పక్కకు తిప్పుకున్నాడు. నేను గుమ్మంలో ఆగిపోయాను.

కీర్తి నన్ను దాటుకుని బయటికి పోయింది. కర్రలు లేకుండా, కొంచెం ఎడమకు ఒరుగుతూ, వీధిలోకి నడిచింది. వాడు దాని మొహం చూడలేదు, నడకే చూశాడు. దగ్గరికి రాగానే రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు, తాకడానికి భయపడ్డట్టు.

"మామా, నీకు జైల్ల అన్నం పెట్టిన్రా?"

"పెట్టిన్రు బిడ్డా."

"మంచిగుండెనా?"

"పప్పు నీళ్లు నీళ్లుండె," అన్నాడు.

"దవాఖానల గూడ గంతే," అన్నది కీర్తి.

యోహాను లేచాడు. ఆయన వాళ్ల వైపు పోలేదు. నన్ను రాసుకుంటూ ఇంట్లోకి వచ్చి, పొయ్యి దగ్గరికి పోయి గిన్నె మూత ఎత్తి చూశాడు.

"ఎంతమందికి పెట్టినవు?"

"ముగ్గురికి."

మూత పెట్టేశాడు.

"ఇంక జర బియ్యం కడుగు," అన్నాడు.